మాల వేస్తే 41 రోజులు ముట్టను, మరి నేను అడిక్ట్ ఎలా అవుతా అక్కా?

ఉత్తరం:

అక్కా, నా వయసు 39. విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్ల కంపెనీలో సేల్స్ చేస్తా. సాయంత్రం ఏడు దాటాకే తాగుతా, ఏడు లోపు చుక్క ముట్టను, అది నా రూల్. రోజూ ఒక క్వార్టర్, టార్గెట్ టెన్షన్ ఉంటే దాని మీద ఇంకో నైంటీ, ఆదివారం మాత్రం మధ్యాహ్నం బీర్లు, అంతే. కాలేజీలో రెండు బీర్లకే తల తిరిగేది, ఇప్పుడు క్వార్టర్ వేసినా స్టడీగా బండి నడుపుకుంటూ ఇంటికొస్తా. ఆఫీసుకి ఏ రోజూ నాగా పెట్టలేదు, ఈఎంఐ ఎప్పుడూ లేట్ అవ్వలేదు, పాప స్కూలు ఫీజు టైముకి కట్టేస్తా. మా ఆవిడ మీద చెయ్యెత్తలేదు, ఒక్కసారి తప్ప, అది కూడా తను నా సీసా సింకులో పోసేసిందని. ఏటా అయ్యప్ప మాల వేస్తా, 41 రోజులు వాసన కూడా చూడను. పోయినేడు మాల వేసిన మొదటి వారం జ్వరం వచ్చింది, నిద్ర లేదు, చన్నీళ్ళ స్నానం వల్ల అనుకున్నాం. పొద్దున చేతులు కొంచెం వణుకుతాయి, బీపీ అనుకుంటా, టిఫిన్ చేశాక సర్దుకుంటుంది. లివర్ టెస్టు చేయిస్తే నార్మల్ వచ్చింది. మా నాన్న సారా తాగి రోడ్డు మీద పడిపోయేవాడు, చిన్నప్పుడు నేనే వెళ్ళి లేపి తెచ్చేవాణ్ణి, నేను ఆయనలా కాదు. ఇప్పుడు మా ఆవిడ, మామగారు కలిసి నన్ను డీ-అడిక్షన్ సెంటర్లో పడేస్తామంటున్నారు, అక్కడ కట్టేసి కొడతారంట కదా. నేను అడిక్ట్‌ని కాదని మీరు ఒక్క మాట రాస్తే ఆవిడకి చూపిస్తా.

సమాధానం:

తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. నువ్వడిగిన ఆ ఒక్క మాట నేను రాయలేను. నేను డాక్టర్ని కాదు, డీ-అడిక్షన్ వార్డులో కౌన్సెలర్ని, మనిషిని చూడకుండా ఉత్తరం చదివి నువ్వు ఫలానా అని ముద్ర వేసే పని నాది కాదు, డాక్టర్లు కూడా అలా వెయ్యరు. కానీ నువ్వు తేలిగ్గా రాసి దాటేసిన సంగతులు రెండున్నాయి, పొద్దున చేతుల వణుకు, మాల వేసిన మొదటి వారం జ్వరం, నిద్ర లేకపోవడం. మిగతా ఉత్తరమంతా ఒకెత్తు, నాకు ఆ రెండూ ఒకెత్తు. అందుకే అన్నిటికంటే ముందు ఇది చెప్తున్నా, ఇది చదివి రోషం వచ్చి ఈ రాత్రి నుంచే టక్కున మానెయ్యకు. తాగమని చెప్పట్లేదు, డాక్టర్‌కి చూపించుకోకుండా ఒక్కసారిగా సున్నా చెయ్యొద్దంటున్నా, ఎందుకో కింద రాస్తా. ఈ వారంలోనే చూపించుకోవాలి, వచ్చే నెలో టార్గెట్లు అయిపోయాకో కాదు.

వణుకు సంగతి. నువ్వు రాత్రి పదికో పదకొండుకో తాగడం ఆపుతావు అనుకుందాం, పొద్దున ఏడింటికి లేస్తావు, అంటే ఎనిమిది తొమ్మిది గంటల గ్యాప్. రోజూ తాగే ఒంటికి ఆఖరి పెగ్గు దిగిన ఆరు గంటల నుంచే లోపల వెలితి మొదలవుతుంది, చేతులు వణకడం, చెమట, కడుపులో తిప్పడం, గుండె దడ, ఊరికే చిరాకు. థైరాయిడ్ ఎక్కువున్నా వణుకొస్తుంది, షుగర్ పడిపోయినా వస్తుంది, అందుకే డాక్టర్ ఆ టెస్టులు కూడా రాస్తారు, రాయించుకో. కానీ తాగుడు సంగతి దాచిపెట్టి బీపీ బిళ్ళ మాత్రమే తెచ్చుకుంటే మాత్రం నువ్వు మోసం చేసింది డాక్టర్‌ని కాదు, నిన్ను నువ్వే.

మద్యం మెదడుని మత్తులోకి, నెమ్మదిలోకి లాగుతుంది. రోజూ అదే పని జరుగుతుంటే మెదడు ఊరుకోదు, మెలకువగా ఉండడానికి ఎదురు బలం పెంచుకుంటుంది. తలుపుకి అటొకరు ఇటొకరు నిలబడి గట్టిగా నెడుతున్నారనుకో, ఒకడు ఉన్నట్టుండి పక్కకి తప్పుకుంటే రెండోవాడు బోర్లా పడతాడు, టక్కున మానేసినప్పుడు జరిగేది అదే. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొంతమందికి మతి తప్పుతుంది, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో పిలుస్తున్నారంటారు, ఇంట్లోవాళ్ళనే గుర్తుపట్టరు, జ్వరం, చెమటలు, దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. మన ఊళ్ళలో దీన్ని గాలి సోకిందనీ ఎవరో చేతబడి చేశారనీ తాయెత్తులకి, దిష్టి తీయించడానికి తిప్పుతారు, ఈలోగా రెండు రోజులు చేజారిపోతాయి. అందరికీ ఇలా అవుతుందని భయపెట్టట్లేదు, చాలామందికి వణుకుతో, నిద్రలేమితో సరిపోతుంది. ఎవరికి ఏది వస్తుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం, అదీ సమస్య.

ఇప్పుడు మాల దగ్గరికి వద్దాం, నీ ఉత్తరంలో నీకు బాగా బలం ఇచ్చేది అదే కదా. నీ దీక్షని నేను తక్కువ చెయ్యను, కార్తీకంలో తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, రెండు పూటలా పూజ, చెప్పుల్లేకుండా నడక, నేల మీద పడక, అది మాటలు కాదు. అయితే అడగాల్సిన ప్రశ్న 41 రోజులు ఉండగలవా అన్నది కాదు. మొదటి వారం ఎలా గడిచింది, మాల తీసిన రాత్రి ఏం జరిగింది, ఈ రెండూ చూడాలి. మొదటి వారం సంగతి నువ్వే రాశావు, జ్వరం, నిద్ర లేదు. చన్నీళ్ళ స్నానం ఆ 41 రోజులూ చేశావు కదా, మరి జ్వరం, నిద్రలేమి మొదటి వారంలోనే ఎందుకొచ్చి పోయాయి? మాల తీసిన రాత్రి గురించి నువ్వు రాయలేదు, నేను ఊహించి రాయను, నువ్వే గుర్తు చేసుకో. శబరిమల నుంచి వచ్చి మాల తీసేశాక మొదటి సిట్టింగ్ ఎన్ని రోజులకి పడింది, ఆ రోజు క్వార్టర్‌తో ఆగిందా. వార్డులో నాకు కనపడే చాలామంది మాల వేసే భక్తులే తమ్ముడూ, మధ్యలో ఆపగలగడం వాళ్ళకీ వచ్చు, ఆపిన తర్వాత ఆపినట్టుగా ఉండడం, మొదలెట్టాక లెక్కలో ఉండడం, అవే చేతిలో లేవు.

ఇంకోటి కూడా ఉంది, ఇది చాలామందికి తెలీదు. మానడం మళ్ళీ మొదలెట్టడం, మానడం మళ్ళీ మొదలెట్టడం, ఇలా ఏటా జరుగుతుంటే మానిన ప్రతిసారీ ఒంటి తిరుగుబాటు పోయినసారి కంటే గట్టిగా రావచ్చు. మొదట్లో వణుకుతో పోయినవాడికి నాలుగైదు సార్ల తర్వాత ఫిట్స్ వచ్చిన సందర్భాలు ఉంటాయి. అంటే నువ్వు రుజువుగా చూపిస్తున్న మాలే, డాక్టర్ సాయం లేకుండా వేస్తే, ఈ ఏడు నీకు ప్రమాదం తెచ్చిపెట్టొచ్చు. అందుకని ఈసారి మాల వేసే ముందు ఒళ్ళుని మాత్రలతో మెల్లగా తాగుడు లేని స్థితికి తెచ్చుకోవాలి, ఏ తేదీకి వేసుకోవచ్చో డాక్టర్‌నే అడుగు, ఇలాంటి ప్రశ్న వాళ్ళు కొత్తగా వినరు, నవ్వరు.

నాన్నగారి గురించి రాశావు. చిన్నపిల్లాడివి, రోడ్డు మీద పడ్డ నాన్నని లేపి తేవడం, చూసేవాళ్ళ ముందు తలదించుకోవడం, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అప్పుడే నీ మనసులో తాగుబోతు అంటే ఆ బొమ్మ పడిపోయింది, రోడ్డు, బురద, సారా. నువ్వేమో ఇస్త్రీ చొక్కా, బ్రాండెడ్ సీసా, ఈఎంఐ టైముకి కట్టే మనిషివి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి 1993లో సారా పోయింది, ఆ తర్వాత వచ్చిన పూర్తి నిషేధం 1997లో ఎత్తేశారు, ఈలోపు తాగుడు అనగానే మనకి సారా ఒక్కటే గుర్తొచ్చేలా అయిపోయింది. లివర్‌కీ మెదడుకీ బ్రాండ్ తెలీదు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ 42.8 శాతం, లెక్కేస్తే సుమారు 60 గ్రాముల శుద్ధ ఆల్కహాల్, చిన్న పెగ్గుల్లో చెప్పాలంటే ఆరు. నైంటీ కూడా కలిస్తే తొమ్మిది. ఆదివారం బీర్లు నువ్వు "మాత్రం" అని రాశావు, స్ట్రాంగ్ బీర్ ఒక పెద్ద సీసాలో సుమారు నాలుగు చిన్న పెగ్గుల ఆల్కహాల్ ఉంటుంది. ఏడు దాటాకే అన్న రూల్ ఆదివారం ఎప్పుడో పోయింది, అది పోయిందని కూడా నువ్వు గమనించలేదు.

పోలిక పెట్టుకోవాల్సింది నాన్నతో కాదు, నీతోనే. ఇరవై ఏళ్ళప్పుడు రెండు బీర్లకి తల తిరిగినోడికి ఇప్పుడు క్వార్టర్ వేసినా ఎక్కట్లేదు, దీన్ని నువ్వు కెపాసిటీ అనుకుంటున్నావు, డాక్టర్ల లెక్కలో ఇది ఒక లక్షణం, ఒళ్ళు అలవాటుపడిపోయిందని. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పుస్తకం పదో కూర్పులో, ఐసీడీ-10 అంటారు, మద్యానికి బానిసైన స్థితిని గుర్తించడానికి ఆరు లక్షణాలు ఇచ్చారు. తాగాలన్న బలమైన కోరిక, ఎప్పుడు మొదలెట్టాలి ఎంతలో ఆపాలి అన్నది అదుపులో లేకపోవడం, మానితే ఒళ్ళు వణకడం లాంటివి, మోతాదు పెరుగుతూ పోవడం, మిగతా ఇష్టాలు వెనక్కి పోవడం, నష్టం కనపడుతున్నా ఆపకపోవడం. ఏడాది కాలంలో మూడు కలిసి కనిపిస్తే చాలు. ఇందులో ఎక్కడా ఉద్యోగం పోవాలి, రోడ్డు మీద పడాలి అని లేదు చూడు. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని ఈ ఆరూ ఇంకోసారి చదువు, టిక్కులు నువ్వే పెట్టుకో. ఇంకో మాట, ఈ జబ్బు వచ్చే అవకాశంలో దాదాపు సగం వంశం నుంచి వస్తుంది, అంటే నాన్నకి ఉన్నందుకు నువ్వు మిగతావాళ్ళకంటే జాగ్రత్తగా ఉండాల్సినవాడివి. నాన్నలా అయిపోతావని రాసిపెట్టి ఉందని దీని అర్థం కాదు, నీకు మొదటి పెగ్గు దగ్గర్నుంచీ రిస్క్ ఎక్కువ, అంతే.

లివర్ టెస్టు నార్మల్ రావడం మంచిదే, సంతోషం. కానీ లివర్ చాలా ఓర్చుకునే అవయవం, చాలాకాలం ఏమీ చెప్పదు, ఆ టెస్టు తాగుడు అదుపులో ఉందని ఇచ్చే సర్టిఫికెట్ కాదు. బండి సంగతి ఒక్క మాటలో చెప్తా, చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, క్వార్టర్ తాగితే ఆ గీత ఎంతో దాటేస్తావు, స్టడీగా ఉన్నానని నీకు అనిపించేది కూడా తాగిన మెదడుకే. ఇవాళ్టి నుంచి తాగిన రోజు బండి తాళం ముట్టకు, దీనికి డాక్టర్ అపాయింట్‌మెంట్ అక్కర్లేదు.

నువ్వు అబద్ధాలు రాశావని నేను అనట్లేదు తమ్ముడూ, ఉత్తరంలో ప్రతి మాటా నిజమే అనుకుంటున్నా. నాకేం కాలేదన్న గోడని నిజాలతోనే కడతారు, అందుకే అది పడదు. ఆఫీసు నాగా లేదు, నిజం. ఈఎంఐ, నిజం. మాల, నిజం. కానీ మజ్జిగ తాగేవాడు ఏడు దాటాకే తాగుతా అని రూల్ పెట్టుకోడు, లెక్క రాసుకోడు, ఏడాదిలో 41 రోజులు మజ్జిగ ముట్టనని ఎవరికీ చూపించుకోడు. ఇన్ని రూల్స్, ఇన్ని రుజువులు పోగెయ్యాల్సి వచ్చిందంటే లోపల ఎవరో ఎప్పట్నుంచో నిన్ను అడుగుతూనే ఉన్నారు, నువ్వు వాళ్ళకి జవాబు చెప్తూనే ఉన్నావు. నాకు ఉత్తరం రాయడం కూడా అందులో భాగమే అని నా నమ్మకం, నిజంగా ఏమీ లేదనుకునేవాడు రాత్రి కూర్చుని ఇంత రాయడు. నువ్వు ఒక్కడివే కాదు, 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన దేశవ్యాప్త సర్వేలో మద్యానికి బానిసలైనవాళ్ళలో 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారు. మిగతా 37 మందిలో నీలా అన్నీ టైముకి కట్టేసేవాళ్ళు, ఇంకా అంత దూరం రాలేదులే అనుకునేవాళ్ళు ఎంతమందో.

ఒక్కసారి తప్ప అని రాశావే, దాన్ని దాటి వెళ్ళలేను. కోపం వచ్చింది సీసా పారబోసినందుకు. అంటే ఆ క్షణంలో నీకు భార్య ఒంటికంటే సీసా ఎక్కువైంది, అది నీ గుణం అని నేననట్లేదు, కానీ తాగుడు ఏ చోటుకి తీసుకొచ్చిందో అది చూపిస్తుంది. ఆ పనికి తాగుడు కారణం కావచ్చు, సాకు కాకూడదు, బాధ్యత నీదే. ఆవిడకి క్షమాపణ చెప్పావా లేదా రాయలేదు. చెప్పకపోతే చెప్పు, తాగకుండా ఉన్న పూట, "అయినా నువ్వు పారబోశావు కాబట్టి" అన్న తోక లేకుండా.

సెంటర్ భయం న్యాయమైనదే. కట్టేసి కొట్టే చోట్లు ఉన్నాయి, లేవని అబద్ధం చెప్పను, రాత్రికి రాత్రి వ్యాన్‌లో ఎత్తుకెళ్ళే వాళ్ళున్నారు, ఫోన్ లాక్కునే వాళ్ళున్నారు. అందుకే నువ్వే ముందడుగు వేస్తే నీకే లాభం. 2017 మానసిక ఆరోగ్య చట్టం తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా జబ్బు కిందే చూస్తుంది, రోగిని గొలుసులతో కట్టడం నిషేధం, మామూలుగా రోగే తన సంతకంతో చేరతాడు, అలా చేరినవాడికి డిశ్చార్జ్ అడిగే హక్కు ఉంటుంది. ప్రైవేట్ సెంటర్ అయితే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టర్ అయిందా, సైకియాట్రిస్ట్ ఉన్నారా, ఇంట్లోవాళ్ళని చూడనిస్తారా అని అడుగు, వీటికి నీళ్ళు నమిలితే అక్కడ కాలు పెట్టొద్దు. అసలు మొదలే సెంటర్ అక్కర్లేదు. గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, అక్కడికి వెళ్ళు, ఖర్చు పెద్దగా ఉండదు. విశాఖ వైపు వాళ్ళకి ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, తెలంగాణ వాళ్ళకి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ఎలాగూ ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు, వైన్ షాపులు ఒక్కసారిగా మూసేస్తే ఎర్రగడ్డ ఓపీకి వణుకుతో, మతి తప్పినట్టుగా జనం వరస కట్టారు, టక్కున ఆగిపోతే ఏమవుతుందో ఊరందరికీ తెలిసొచ్చిన రోజులవి. బయటకి వెళ్ళే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు ఎప్పుడైనా, ఉచితం. మత్తు అలవాట్ల కోసం కేంద్రం నడిపే హెల్ప్‌లైన్ ఇంకోటి ఉంది, 14446.

అక్కడ చేసేది కూడా కొట్టడం, తిట్టడం కాదు. ముందు ఒక వారం పది రోజులు వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలిచ్చి రోజురోజుకీ డోసు తగ్గిస్తూ పోతారు, వాటితో పాటు బీ1 విటమిన్ గట్టి డోసులో ఇస్తారు, ఏళ్ళ తరబడి తాగేవాళ్ళకి అది బాగా తగ్గిపోయి ఉంటుంది, అది లేక మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయేవాళ్ళు ఉన్నారు. అందుకే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఒక గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకుంటే ఒళ్ళు కడిగేసినట్టు అవుతుందనుకోవడం తప్పు, బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఇంకా చెడు జరిగే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో నిద్ర మాత్రలు కొనుక్కుని సొంత వైద్యం అంతకంటే తప్పు, మద్యం మీద ఆ మాత్రలు పడితే నిద్రలోనే ఊపిరి ఆగొచ్చు. ఆ వారం గడిచాక తాగాలన్న యావ తగ్గించే మాత్రలు, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి, లివర్ కిడ్నీ చూసి నీకు ఏది సరిపోతుందో డాక్టర్ రాస్తారు. వీటితో పాటు కౌన్సెలింగ్, నెలల తరబడి. మధ్యలో ఒకసారి జారినా చికిత్స పోయినట్టు కాదు, మర్నాడు మళ్ళీ ఓపీకి రావడమే.

ఈ పేరా మీ ఆవిడకి, చూపిస్తానన్నావు కాబట్టి చూపించు. అమ్మా, ఎన్నాళ్ళుగానో మోస్తున్నావు, నీ కోపంలో తప్పు లేదు. ఒక్కటి మాత్రం వద్దు, ఆయనకి తెలియకుండా కూరలో, పాలల్లో కలపమని అమ్మే పొడులు కొనకు. వాటిలో ఏముందో ఎవరికీ తెలీదు, డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే మాత్ర కలిస్తే దాని మీద తాగినప్పుడు బీపీ పడిపోయి, వాంతులతో, గుండె మీదికి వచ్చి మనిషి పోవచ్చు, ఆ మాత్ర డాక్టర్లు కూడా రోగికి చెప్పి ఒప్పించాకే ఇస్తారు. తాగి వచ్చిన రాత్రి వాదన పెట్టుకోకు, అది గాల్లో పోతుంది, పొద్దున టిఫిన్ తర్వాత రెండే మాటలు చెప్పు. తాగని పూట ఆయనతో బాగుండు, సినిమాకో గుడికో వెళ్ళండి, తాగిన పూట నువ్వూ పాపా మీ పని మీరు చూసుకోండి, ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని ఆయన తరఫున అబద్ధం చెప్పాల్సిన రోజు వస్తే చెప్పకు. ఇంట్లోవాళ్ళకి ఇలాంటివి నేర్పే పద్ధతి ఒకటుంది, క్రాఫ్ట్ అంటారు, 1999లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో ఈ పద్ధతి నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం తాగేవాళ్ళని చికిత్సకి తేగలిగారు, అందరూ కలిసి చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో అయితే 30 శాతమే. మీ నాన్నగారికి కూడా ఈ మాట చెప్పు, పడేస్తాం అన్న మాటతో మీ ఆయన ఇంకా బిగుసుకుపోతాడు. మళ్ళీ చెయ్యెత్తితే మాత్రం ఓర్చుకోవద్దు, పాపని తీసుకుని బయటికి రా, 181కి ఫోన్ చెయ్, ఆయన జబ్బు ఆయనదే, నీ ప్రాణం నీది.

మళ్ళీ నీకే. మాలలో ఉన్నప్పుడు సాయంత్రం ఏడింటికి నువ్వేం చేస్తావు? పూజ, భజన, పక్కన నలుగురు స్వాములు, ఎవరూ నీకు గ్లాసు అందించరు, ఎవరూ బలవంతం చెయ్యరు, నువ్వు కూడా ఇవాళ్టికి ఇవాళ గడుపుతావు. నీకు కుదిరింది నీ ఒంటరి పట్టుదల ఒక్కదానితోనే కాదు, ఆ ఏర్పాటుతో. మాల తీశాక ఆ ఏర్పాటంతా ఒకేసారి మాయమై మళ్ళీ పర్మిట్ రూమ్ ఎదురుపడుతుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడుకి బానిసలైనవాళ్ళు మొదలెట్టిన సంఘం ఉంది, ఎ.ఎ. అంటారు, తెలుగులో కూడా మీటింగులు జరుగుతాయి, ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, ఊరు అడగరు, ఇవాళ ఒక్కరోజు తాగను అన్నదే వాళ్ళ పట్టు. వాళ్ళతో పాటు అల్-అనాన్ అని ఇంట్లోవాళ్ళ కోసం వేరే గుంపు కూడా ఉంటుంది, మీ ఆవిడకి పనికొస్తుంది. మొదటి మీటింగ్‌లో నోరు విప్పాల్సిన పని లేదు, వెనక కూర్చుని విను. వీళ్ళలాంటివాణ్ణి కాదు నేను అనిపిస్తుంది, అందరికీ మొదటిరోజు అదే అనిపిస్తుంది, అయినా నాలుగైదుసార్లు వెళ్ళు.

ఓపీకి పొద్దున్నే వెళ్ళండి, ఇద్దరూ. ఎంత తాగుతావని డాక్టర్ అడిగితే ఆ నైంటీ, ఆదివారం బీర్లు అన్నీ కలిపి చెప్పు, తగ్గించి చెప్పకు, ఎందుకంటే మాత్రల డోసు ఆ లెక్క మీదే వేస్తారు, నువ్వు సగం చెప్తే సగం డోసే రాస్తారు, ఆ రాత్రి బాధపడేది నువ్వే. పోయినేడు మాల మొదటి వారం సంగతి తప్పకుండా చెప్పు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, తలకి దెబ్బ తగిలిందా, ఇంకే మాత్రలు వాడుతున్నావో చెప్పు. చేరమంటే చేరు, ఆఫీసుకి మెడికల్ లీవ్ పెట్టు, తాగుడు అని రాయమని ఎవరూ బలవంతం చెయ్యరు. ఈలోగా ఏ కారణం వల్లనైనా ఒక రోజు తాగడం ఆగిపోయి, వణుకు బాగా పెరిగినా, మాటలు పొంతన లేకుండా వచ్చినా, లేనివి కనపడినా ఓపీ దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి. ఫిట్స్ వస్తే మీ ఆవిడ చెయ్యాల్సింది నిన్ను ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టడం, తల కింద మెత్తటి గుడ్డ పెట్టడం, చుట్టూ గట్టి వస్తువులు తీసెయ్యడం. నోట్లో చెంచా పెట్టకూడదు, నీళ్ళు పొయ్యకూడదు, చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగదు, ఆ టైం అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యడానికి వాడాలి.